దోమ నాలుగు వీధులు దాటదంటారు, మరి డెంగీ, జికా ఖండాలు ఎలా దాటుతున్నాయి?

వెన్నెల_దారి:
దోమల వల్ల వచ్చే వైరస్ జబ్బుల గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను, ఒక విషయం మాత్రం ఎంతకీ అర్థం కావడం లేదు. డెంగీని మోసే ఏడిస్ దోమ పుట్టిన చోటు నుంచి మహా అయితే కొన్ని వందల మీటర్లు తిరుగుతుంది, బతికేది కూడా కొన్ని వారాలే. అయినా 1970కి ముందు తొమ్మిది దేశాల్లో మాత్రమే ప్రబలిన తీవ్ర డెంగీ ఇప్పుడు వందకు పైగా దేశాల్లో తిష్ఠ వేసుకుని కూర్చుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు 52 లక్షల కేసుల లెక్క అందితే అప్పటికి అదే రికార్డు అన్నారు, 2024లో ఆ సంఖ్య కోటీ 40 లక్షలు దాటిపోయింది. ఐదేళ్లలో ఇంత తేడానా!

ఎవరిని అడిగినా "ఎండలు పెరిగాయి, వాతావరణం మారింది, అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. సరే, అదే నిజమనుకుందాం, మరి ఎప్పటినుంచో వేడిగా ఉన్న దేశాలకు కూడా ఇవి కొత్తగా ఎందుకొచ్చినట్టు? జికా వైరస్‌ను ఉగాండాలో 1947లోనే కనుక్కున్నారు, బ్రెజిల్‌లో అది బయటపడింది 2015లో. బ్రెజిల్ ఏమీ మంచు దేశం కాదు కదా. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. లింకులు వద్దు, మీ మాటల్లో చెప్తే చాలు.

కీటకాల_లోకం:
ఇక్కడ రెండు వేర్వేరు ప్రయాణాలు ఉన్నాయండీ, దోమది ఒకటి, వైరస్‌ది ఒకటి. రెండిటినీ మోసేది మనుషులే. వీటిని కలిపేసి చూస్తే మీకొచ్చిన సందేహమే అందరికీ వస్తుంది.

ముందు దోమ సంగతి. ఏడిస్ ఈజిప్టై పుట్టిల్లు ఆఫ్రికా. చెట్టు తొర్రల్లో నిలిచిన నీళ్లలో పెరిగే అడవి దోమ అది, అందులో ఒక శాఖ మనుషులు నీళ్లు దాచుకునే కుండలకీ తొట్లకీ అలవాటుపడి, మెల్లగా మనిషి రక్తానికే మరిగింది. ఆఫ్రికా నుంచి బానిసల్ని తీసుకెళ్లిన ఓడల్లో తాగునీటి పీపాలు ఉండేవి, ఆ పీపాల్లో ఈ దోమ అమెరికా ఖండాలకు చేరింది. ఇదే దోమ మోసే ఎల్లో ఫీవర్ వైరస్ కూడా ఆ ఓడల దారిలోనే వెళ్లింది. 1793లో ఫిలడెల్ఫియాలో దాదాపు 50 వేల మంది ఉండేవారు, ఒక్క వేసవి, శరత్తులోనే అందులో సుమారు 5 వేల మంది ఎల్లో ఫీవర్‌తో చనిపోయారు. విమానం అనే ఊహ కూడా లేని రోజుల్లో జరిగిన సంగతి ఇది.

రెండోది ఏడిస్ ఆల్బోపిక్టస్, టైగర్ దోమ అంటారు. దీని సొంత ఇల్లు ఆసియా. దీన్ని ప్రపంచమంతా తిప్పింది ముఖ్యంగా పాత టైర్ల వ్యాపారం. ఏడిస్ దోమలు గుడ్లను నీళ్ల మీద కాకుండా, నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటించి పెడతాయి. నీళ్లు ఇంకిపోయినా గుడ్లు నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. ఆరుబయట పడేసిన టైర్‌లో వాన నీళ్లు, వాటి పైన గుడ్లు, ఆ టైర్‌ని ఓడలో వేసి ఇంకో దేశానికి పంపితే దిగిన చోట మొదటి వానకి దోమలు సిద్ధం. 1979లో అల్బేనియాలో, 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో, 1990లో ఇటలీలోని జెనోవాలో ఇలాగే కనపడింది. పైగా చల్లటి దేశాల నుంచి వచ్చిన టైగర్ దోమల గుడ్లు చలికాలమంతా నిద్రపోయి వసంతంలో లేవగలవు, ఈజిప్టైకి ఆ శక్తి లేదు. యూరప్‌లో 2013 నాటికి 114 ప్రాంతాల్లో స్థిరపడిన ఈ దోమ 2023కల్లా 337 ప్రాంతాలకు పాకింది.

ఇక వైరస్. దోమ ముందే వెళ్లి కూర్చున్న చోటికి ఆ తర్వాత వైరస్ మనిషి ఒంట్లో వస్తుంది. డెంగీ జ్వరం మొదలయ్యే ముందు ఒకట్రెండు రోజుల నుంచి జ్వరం తగ్గేదాకా రోగి రక్తంలో వైరస్ ఉంటుంది, విమానానికి ఒక్క రోజు చాలు ఏ మూలకైనా వెళ్లడానికి. 2007లో ఇటలీలో రవెన్నా దగ్గర రెండు చిన్న ఊళ్లలో చికున్‌గున్యా అంటుకుంది, మొదలు చూస్తే భారత్ నుంచి చుట్టపు చూపుగా వచ్చిన ఒక్క మనిషి. అక్కడ టైగర్ దోమలు అప్పటికే నిండుగా ఉన్నాయి, సుమారు రెండు వందల మందికి వచ్చింది. 2014లో టోక్యోలోని యోయోగి పార్కు చుట్టూ 150 మందికి పైగా డెంగీ వస్తే దాదాపు 70 ఏళ్ల తర్వాత జపాన్‌లో స్థానికంగా డెంగీ సోకడం అదే మొదలు.

జికా కథ కూడా ఇంతే. ఎల్లో ఫీవర్ మీద పరిశోధన కోసం జికా అడవిలో బోనులో ఉంచిన ఒక కోతి రక్తంలో 1947లో దొరికింది. చాలా ఏళ్లు ఆఫ్రికా, ఆసియాల్లో అక్కడక్కడా కనపడుతూ పెద్దగా ఎవరూ పట్టించుకోని వైరస్‌గానే ఉండిపోయింది. 2007లో పసిఫిక్‌లోని యాప్ దీవిలో జనాభాలో దాదాపు మూడొంతులకు, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి సోకింది, 2013లో ఫ్రెంచ్ పాలినేషియా, ఆ తర్వాత బ్రెజిల్. బ్రెజిల్‌లో దోమ ఎప్పటినుంచో ఉంది, లేనిది వైరస్ ఒక్కటే. అక్కడి జనంలో ఎవరి ఒంట్లోనూ దానికి నిరోధకశక్తి లేదు కాబట్టి అడుగుపెట్టగానే అడవి మంటలా పాకింది. గర్భిణులకు సోకితే పిల్లలు చిన్న తలతో పుట్టడం అప్పుడే బయటపడింది, 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

వానమబ్బు:
పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ, వాతావరణాన్ని ఇలా పక్కన పెట్టేస్తే మాత్రం ఒప్పుకోను. వైరస్ ఉన్న రక్తం తాగిన మరుక్షణం దోమ ప్రమాదకరం కాదు. వైరస్ దాని కడుపులో పెరిగి, అక్కడి నుంచి లాలాజల గ్రంథుల దాకా చేరాలి, వెచ్చటి చోట దీనికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ, ఆలోగా దోమే చచ్చిపోతుంది, గొలుసు తెగిపోతుంది. అంటే ఒకట్రెండు డిగ్రీలు పెరిగినా, ఇంతకు ముందు వ్యాప్తి చేయకుండానే చచ్చిపోయే దోమ ఇప్పుడు ఇంకో ఇద్దరు ముగ్గుర్ని కుట్టేదాకా బతుకుతుంది. ఈ లెక్క చాలా ముఖ్యం.

ఫ్రాన్స్ చూడండి. దేశం దాటని మనుషులకు డెంగీ సోకడం అక్కడ 2010లో నీస్‌లో మొదలైంది, ఆ తర్వాత చాలా ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే, 2022 ఒక్క ఏడాదిలో 65. ప్రయాణికులు అంతకుముందూ వస్తూనే ఉన్నారు కదా, మరి ఏం మారినట్టు? దోమ విస్తరించింది, వేసవి పొడుగైంది. నేపాల్‌లో 2004కి ముందు డెంగీ నమోదే కాలేదు, 2022లో 50 వేలు దాటాయి, కొండల మీది ఊళ్లలో కూడా.

అలాగని ఎంత వేడి పెరిగితే అంత జబ్బు అని కూడా కాదు. ఈజిప్టై దోమ ద్వారా డెంగీ బాగా పాకేది సుమారు 29 డిగ్రీల దగ్గర, అది దాటి బాగా వేడెక్కితే దోమలే తట్టుకోలేవు. వానలూ అంతే. వాన పడితే దోమలు పెరుగుతాయని అందరికీ తెలుసు, కరువులో కూడా డెంగీ పెరగొచ్చని చాలామందికి తట్టదు. కుళాయి రాకపోతే జనం డ్రమ్ముల్లో, తొట్లలో నీళ్లు పట్టి ఉంచుకుంటారు, ఇంట్లో నీడలో మూత లేని శుభ్రమైన నీళ్లు ఉంటే ఈ దోమకి అంతకంటే ఏం కావాలి. నీటి సరఫరా సరిగ్గా లేని నగరం ఎక్కడున్నా ఇదే పరిస్థితి. అందుకే ఎండలా, ప్రయాణాలా అని ఒకదాన్ని ఎంచుకోమంటే నేను ఎంచుకోను.

పాత_పుటలు:
ఈ చర్చలో అందరూ మరిచిపోయే ముక్క ఒకటుంది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. ఈ దోమను మనం ఒకసారి ఓడించాం. నిజంగా ఓడించాం.

ఎల్లో ఫీవర్‌కి కారణం దోమ అని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే అన్నాడు, ఇరవై ఏళ్ల పాటు ఎవరూ నమ్మలేదు. 1900లో వాల్టర్ రీడ్ బృందం ప్రయోగాలతో రుజువు చేసింది. ఆ మరుసటి ఏడాదే విలియం గోర్గాస్ హవానాలో ఇంటింటికీ మనుషుల్ని పంపి నీళ్ల తొట్లకు మూతలు వేయించి, నిలవ నీళ్ల మీద నూనె పోయించి నెలల్లో ఎల్లో ఫీవర్‌ని ఊళ్లోంచి తరిమేశాడు. అప్పటికి టీకా లేదు, డీడీటీ అనే పురుగుమందు లేదు. 17డి అనే టీకాను మాక్స్ థీలర్ తయారు చేసింది 1937లో.

1947లో అమెరికా ఖండాల దేశాలన్నీ కలిసి ఏడిస్ ఈజిప్టైని పూర్తిగా నిర్మూలించాలని నిర్ణయించుకున్నాయి. బ్రెజిల్ 1958కల్లా ఆ దోమ లేని దేశం అనిపించుకుంది, 1962 నాటికి అలాంటి దేశాలు 18. ఒక ఖండంలో అంత భాగం నుంచి దోమను ఊడ్చేశారంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. తర్వాత ఏమైంది? జబ్బు కనపడటం లేదు కాబట్టి డబ్బులు తగ్గించారు, తనిఖీ చేసే మనుషుల్ని తీసేశారు, కొన్ని దేశాలు పని పూర్తి చేయనే లేదు, డీడీటీకి దోమలు లొంగడం మానేశాయి. 1970ల నుంచి దోమ పాత చోట్లకు తిరిగొచ్చేసింది. దాని వెనకే డెంగీ. 1981లో క్యూబాలో 3 లక్షల 44 వేల మందికి డెంగీ వచ్చి 158 మంది చనిపోయారు, అందులో 101 మంది పిల్లలు.

వెన్నెల_దారి గారూ, మీరు అడిగిన "ఎందుకు ఇంతలా పెరిగింది"కి నా జవాబు ఇది. ఓడలు, టైర్లు, విమానాలు, ఎండలు అన్నీ ఉన్నాయి, వాటితో పాటు పని ఫలించగానే ఆ పని ఆపేయడం కూడా ఉంది. కేసులు పెరిగినప్పుడు హడావుడి, తగ్గగానే మౌనం, ప్రతి దేశంలోనూ ఇదే తీరు.

రాత్రి_డ్యూటీ:
నర్సుగా పని చేస్తున్నాను, క్యూబా మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 1977లో అక్కడ డెంగీ ఒకటో రకం తిరిగింది, 1981లో వచ్చింది రెండో రకం. డెంగీలో నాలుగు రకాలున్నాయి, ఒకటి వచ్చి తగ్గితే ఆ రకం మళ్లీ రాదు గానీ మిగతా మూడింటి నుంచి రక్షణ కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం సోకితే, మొదటిసారి తయారైన యాంటీబాడీలు ఆ కొత్త వైరస్‌ని ఆపలేక, పైగా అది కణాల్లోకి దూరడానికి దారి చూపిస్తాయి. రెండోసారి డెంగీ ప్రాణం మీదకి వచ్చే అవకాశం ఎక్కువ అనేది ఇందుకే. మనుషుల రాకపోకలు పెరిగి నాలుగు రకాలూ ఒకే ఊళ్లో తిరగడం మొదలయ్యాక తీవ్రమైన కేసులు పెరిగాయంటే కారణం ఇదే.

టీకా దగ్గర కూడా ఇదే చిక్కు. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి 8 లక్షల మందికి పైగా పిల్లలకు డెంగ్వాక్సియా వేశారు. అంతకుముందు డెంగీ అసలు రాని పిల్లలకు ఈ టీకా వేస్తే, తర్వాత సోకినప్పుడు తీవ్రమయ్యే ముప్పు పెరుగుతుందని 2017 నవంబర్‌లో కంపెనీయే ప్రకటించింది. టీకా తీసుకోవడమే మొదటిసారి డెంగీ వచ్చినట్టు పని చేసిందన్నమాట. తల్లిదండ్రుల్లో నమ్మకం ఎంత పోయిందంటే మామూలు టీకాలకు కూడా జనం వెనకాడారు, 2019లో అక్కడ తట్టు విజృంభించింది. ఇప్పుడు క్యూడెంగా అనే వేరే టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో గుర్తింపు ఇచ్చింది, డెంగీ బాగా ఉన్న చోట్ల 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు ఇవ్వొచ్చని సలహా.

ఇంకో మాట, ఇది దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి. డెంగీలో ప్రమాదం జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, జ్వరం దిగిపోయే సమయంలో మొదలవుతుంది. హమ్మయ్య తగ్గింది అనుకునే ఆ ఒకట్రెండు రోజుల్లోనే రక్తనాళాల నుంచి నీరు కారిపోయి బీపీ పడిపోవచ్చు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మగతగానో చిరాకుగానో ఉండటం, వీటిలో ఏది కనపడినా ఆస్పత్రికి వెళ్లాలి, ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చూసుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేసుకోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది. సమయానికి చేరి, ఎక్కించాల్సిన సెలైన్ సరిగ్గా ఎక్కిస్తే చనిపోయేవాళ్లు నూటికి ఒక్కరి కంటే తక్కువే.

అలాగే జ్వరం ఉన్న మనిషిని మొదటి వారం పగలు కూడా దోమతెరలో ఉంచండి. ఏడిస్ పగటి దోమ. తెర రోగిని కాపాడటానికి కాదు, ఆ మనిషి నుంచి దోమకు, దోమ నుంచి ఇంట్లో మిగతావాళ్లకు చేరకుండా.

వెన్నెల_దారి:
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. రెండోసారి సోకడం గురించి ఇంత స్పష్టంగా ఎక్కడా చదవలేదు. చదువుతుంటే ఇంకో ప్రశ్న వచ్చింది. మనిషి ఒంట్లో వైరస్ ఇంత సులువుగా ప్రయాణిస్తుంటే, ఈజిప్టై దోమ నిండా ఉన్న ఆసియాలో ఎల్లో ఫీవర్ ఎందుకు లేదు? ఇంకొకటి, వెస్ట్ నైల్ పేరు కూడా ఈ జాబితాల్లో చూస్తుంటాను, అది కూడా ఇలాగే మనుషులతోనే పాకుతుందా?

పక్షుల_వెంట:
వెస్ట్ నైల్ దారి పూర్తిగా వేరండీ. అది క్యూలెక్స్ అనే వేరే జాతి దోమలకూ పక్షులకూ మధ్య తిరిగే వైరస్. మనిషికి సోకినా మన రక్తంలో వైరస్ ఇంకో దోమకు అంటించేంత పెరగదు, అంటే మన దగ్గర దాని దారి మూసుకుపోతుంది. 1937లో ఉగాండాలో దొరికింది, 1999లో ఉన్నట్టుండి న్యూయార్క్‌లో తేలింది. అంతకుముందు నుంచే అక్కడ కాకులు రాలిపోతున్నాయి, జంతుప్రదర్శనశాలలో పక్షులు చనిపోతున్నాయి. మనుషుల్లో మెదడువాపును, పక్షుల చావులను కలిపి చూడటానికి కొన్ని వారాలు పట్టింది. నాలుగైదేళ్లలో పసిఫిక్ తీరం దాకా వెళ్లిపోయింది. సోకినవాళ్లలో నూటికి 80 మందికి ఏమీ తెలియదు, సుమారు 150 మందిలో ఒకరికి మెదడు, నరాల దాకా వెళ్తుంది.

మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ది కూడా ఇలాంటి దారే, కొంగల లాంటి నీటి పక్షులు, పందులు, వరి పొలాల్లో పెరిగే క్యూలెక్స్ దోమలు. 2022లో ఆస్ట్రేలియా ఆగ్నేయ రాష్ట్రాల్లో పదుల కొద్దీ పందుల ఫారాల్లో ఒకేసారి బయటపడింది. వరదలతో నీళ్లు నిలిచి పక్షులు, దోమలు రెండూ పెరిగిన ఏడాది అది. ఇలాంటి వాటిని విమానాశ్రయంలో జ్వరం చూసి ఆపడం కుదరదు.

కీటకాల_లోకం:
ఎల్లో ఫీవర్ ఆసియాకు ఎందుకు రాలేదనేదానికి తిరుగులేని జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు. డెంగీ లాంటి దగ్గరి వైరస్‌ల వల్ల జనంలో కొంత రక్షణ ఉందని కొందరంటారు, ఆఫ్రికాలో అది ఉండే మారుమూల అడవుల నుంచి ఆసియాకు రాకపోకలు తక్కువని ఇంకొందరు. రాకపోకలు తక్కువ అన్న మాట ఇప్పుడు నిలబడదు. 2016లో అంగోలాలో ఎల్లో ఫీవర్ ప్రబలినప్పుడు అక్కడ పని చేసే 11 మంది చైనా పౌరులు ఆ జబ్బుతోనే సొంత దేశానికి వచ్చారు, ఆసియాలో నమోదైన మొదటి కేసులు అవే. అదృష్టవశాత్తూ అక్కడ గొలుసు అందుకోలేదు. అదే సమయంలో టీకా చాలక అంగోలా పక్కనే ఉన్న కాంగో రాజధాని కిన్షాసాలో లక్షల మందికి ఐదో వంతు మోతాదు వేయాల్సొచ్చింది. ఒక డోసు జీవితాంతం కాపాడే, 80 ఏళ్లుగా ఉన్న టీకాకే ఈ పరిస్థితి అయితే, ఆసియా మహానగరం ఒకదాంట్లో మొదలైతే సరిపడా డోసులు ఎక్కడి నుంచి తెస్తారు? నాకు నిజంగా టెన్షన్ కలిగించే ప్రశ్న ఇది. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని ఆయా దేశాల నుంచి వచ్చేవాళ్లను ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్నట్టు పసుపు రంగు కార్డు చూపించమని ఎందుకు పట్టుబడతారో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

కొత్త_కిటికీ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇదంతా సరే, కేసులు రాగానే వీధుల్లో పొగ కొడతారే, దాని వల్ల ఏమైనా ఉపయోగం ఉందా? దోమల్లో బ్యాక్టీరియా పెట్టి వదులుతున్నారని కూడా విన్నాను, అది సురక్షితమేనా?

కీటకాల_లోకం:
పొగ గాల్లో ఎగురుతున్న దోమల్ని మాత్రమే చంపుతుంది. ఈజిప్టై ఎక్కువగా ఇంట్లో, మంచాల కింద, బట్టల వెనక నీడలో దాక్కుంటుంది, వీధిలో కొట్టిన పొగ అక్కడిదాకా సరిగ్గా చేరదు. గుడ్లకు, లార్వాలకు ఏమీ కాదు, వారంలో కొత్త దోమలు. చాలా చోట్ల వాడే పైరెత్రాయిడ్ మందులకు ఇవి మొండికేశాయి కూడా. పొగ కనపడుతుంది కాబట్టి ఏదో జరుగుతోందని జనానికి ధైర్యం కలుగుతుంది, అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మీరు విన్న బ్యాక్టీరియా పేరు వోల్బాకియా. చాలా రకాల పురుగుల్లో అది సహజంగానే ఉంటుంది, ఈజిప్టైలో మాత్రం ఉండదు. ల్యాబ్‌లో దాన్ని ఈ దోమలోకి ఎక్కిస్తే దోమ ఒంట్లో డెంగీ వైరస్ సరిగ్గా పెరగలేదు, పైగా తల్లి దోమ నుంచి పిల్లలకు దానంతటదే అందుతుంది. 2011లో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ దగ్గర మొదటిసారి బయట వదిలారు. ఇండోనేషియాలోని యోగ్యకర్తలో నగరాన్ని భాగాలుగా విడగొట్టి, కొన్నింట్లో వదిలి కొన్నింట్లో వదలకుండా పోల్చి చూస్తే, వదిలిన చోట డెంగీ కేసులు 77 శాతం, ఆస్పత్రిలో చేరాల్సినవి 86 శాతం తక్కువ. మనుషులకు హాని చేసినట్టు ఎక్కడా తేలలేదు. సింగపూర్ వాళ్లది ఇంకో పద్ధతి, వోల్బాకియా ఉన్న మగ దోమల్ని మాత్రమే వదులుతారు, వాటితో జతకట్టిన ఆడ దోమల గుడ్లు పొదగవు. మగ దోమలు కుట్టవు కాబట్టి భయం లేదు, కానీ వదలడం ఆపితే ఫలితం కూడా ఆగిపోతుంది.

ఇదంతా ఏడిస్ మోసే జబ్బులకే. పైన చెప్పిన క్యూలెక్స్ జబ్బులకు ఇది పనికిరాదు.

రాత్రి_డ్యూటీ:
ఆ వోల్బాకియా దోమలు మన ఊరిదాకా వచ్చేలోపు చేయగలిగింది చెప్తాను. గుడ్డు నుంచి దోమ కావడానికి వెచ్చటి రోజుల్లో వారం, పది రోజులు పడుతుంది. అందుకని వారానికి ఒకసారి, ఒక రోజు పెట్టుకుని, పూలకుండీల కింద పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే, డ్రమ్ములు అన్నీ ఖాళీ చేయండి. నీళ్లు పారబోస్తే సరిపోదు, గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి లోపలి అంచులను బ్రష్‌తో గట్టిగా రుద్ది కడగాలి. ఖాళీ చేయలేని ట్యాంకులకు దోమ దూరని మూత, లేకపోతే సన్నటి వల. పక్కింటివాళ్లు చేయకపోతే మీరు చేసింది సగమే, కాబట్టి వాళ్లకీ చెప్పండి.